సియాటెల్ సూపర్‌సానిక్స్ ఓక్లహామాకి ఎందుకు వెళ్లింది: అపోహలు - వాస్తవాలు

2025 జూన్ 22న ఓక్లహామా సిటీ థండర్ ఫైనల్స్ ఏడో గేమ్‌లో ఇండియానా పేసర్స్‌ని ఓడించి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ టైటిల్ గెలిచింది. మర్నాటి నుంచి నాకొచ్చిన మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న: ఇది ఆ ఫ్రాంచైజీకి మొదటి కప్పా, రెండోదా? స్టేడియం లీజులు, టీమ్‌ల కొనుగోలు ఒప్పందాలు చదివి వాటిలో ఏముందో చెప్పడం నా పని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే 2008లో సియాటెల్‌లో జరిగింది చెప్పాలి, ఎందుకంటే అప్పటిదాకా ఈ టీమ్ సియాటెల్ సూపర్‌సానిక్స్, ముద్దుగా సోనిక్స్. సియాటెల్ శివార్లలో రెడ్మండ్, బెల్‌వ్యూ వైపు ఉంటున్న మనవాళ్లలో చాలామంది ఆ తర్వాత వచ్చినవాళ్లే. ఆఫీసులో ఎవరో చెప్పగా విన్న ముక్కలే వాళ్ల దగ్గరున్నాయి. నలభై ఒక్క సీజన్లు ఒక ఊరిని అంటిపెట్టుకుని ఉన్న టీమ్ గురించి ఇన్ని తప్పుడు మాటలు తిరగడం నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ పోస్టు.

అపోహ: జనం రాకపోబట్టే టీమ్ వెళ్లిపోయింది

చివరి సీజన్లో ఖాళీ సీట్లు కనిపించిన మాట నిజం. 2007-08లో టీమ్ గెలిచినవి 20, ఓడినవి 62. ఆ సీజన్‌కి ముందే రే ఆలెన్‌ని బోస్టన్‌కి పంపేశారు, రషార్డ్ లూయిస్ ఒర్లాండోకి వెళ్లిపోయాడు. యజమానులు ఊరు మారుస్తామని లీగ్‌కి దరఖాస్తు కూడా పెట్టేశారు. ఓడిపోతూ, పైగా వెళ్లిపోతున్న టీమ్‌కి సీజన్ టికెట్ కొనమంటే ఎవరు కొంటారు? అదే హాల్లో 1995-96లో గ్యారీ పేటన్, షాన్ కెంప్ ఆడుతుండగా టీమ్ 64 గేమ్‌లు గెలిచి, ఫైనల్స్‌లో మైకేల్ జోర్డాన్ ఉన్న చికాగో బుల్స్‌తో తలపడింది. ఆ రోజుల్లో టికెట్ దొరకడమే గగనం.

అసలు చిక్కు హాలు లెక్కల్లో ఉంది. సోనిక్స్ ఆడిన కీఅరీనా 1962 వరల్డ్ ఫెయిర్ కోసం కట్టిన భవనం. నగరం అప్పు తెచ్చి దాన్ని బాగుచేసి 1995లో తెరిచింది. బాస్కెట్‌బాల్‌కి పట్టేది 17,072 మంది. పాత పైకప్పు కిందే అన్నీ సర్దాల్సి రావడంతో తినుబండారాల దుకాణాలకి, రెస్టారెంట్లకి, ఖరీదైన సీట్లకి చోటు తక్కువైంది. పైగా నగరం తన అప్పు తీర్చుకోవడానికి సూట్లు (ఖరీదైన ప్రత్యేక గదులు), క్లబ్ సీట్ల ఆదాయంలో వాటా తీసుకునేది. ఆ తర్వాత కొన్నేళ్లకే లాస్ ఏంజెలెస్‌లో, డాలస్‌లో కొత్త అరీనాలు వచ్చాయి. అక్కడ యజమానికి ఒక్క రాత్రిలో వచ్చే సూట్ల డబ్బు కీఅరీనాలో రాదు.

దీనికి తోడు జనం పెద్దగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఎన్‌బీఏలో ఆటగాళ్ల జీతాల పరిమితిని ఒక్కో టీమ్ ఆదాయాన్ని బట్టి కాక లీగ్ మొత్తం ఆదాయాన్ని బట్టి లెక్కకడతారు. డాలస్‌లో సూట్లు బాగా అమ్ముడైతే సియాటెల్ జీతాల బిల్లు కూడా పెరుగుతుంది. జాతీయ టీవీ డబ్బు అందరికీ సమానంగా పంచుతారు కాబట్టి అది ఈ తేడాని పూడ్చదు. అంటే, హాలు నిండినా సరే, పాత హాల్లో ఆడే టీమ్ యజమాని ఏటేటా వెనకబడిపోతాడు. ఈ లెక్క తెలిస్తే మిగతా కథంతా అర్థమవుతుంది.

అపోహ: అంతా హోవార్డ్ షుల్ట్జ్ చేసిన పాపం

అప్పటి స్టార్‌బక్స్ అధిపతి షుల్ట్జ్ బృందం 2001లో 20 కోట్ల డాలర్లకు టీమ్‌ని కొని, 2006 జులైలో 35 కోట్లకు ఓక్లహామా వ్యాపారి క్లే బెనెట్ బృందానికి అమ్మింది. సియాటెల్ జనం ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. క్షమించమని నేనూ అనను. కొనుగోలుదారులు ఏ ఊరివాళ్లో తెలిసీ అమ్మాడు. ఒప్పందంలో రాయించుకున్న రక్షణ కూడా బలహీనమైనది: కొత్త అరీనా కోసం బెనెట్ బృందం ఏడాదిపాటు చిత్తశుద్ధితో ప్రయత్నించాలి, అంతే. చిత్తశుద్ధిని కోర్టులో కొలవడం ఎంత కష్టమో ఒప్పందాలు రాసేవాళ్లందరికీ తెలుసు. ప్రయత్నించకపోతే ఏమవుతుందో, టీమ్ ఎవరికి తిరిగొస్తుందో రాయకపోతే ఆ షరతు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. 2008 ఏప్రిల్‌లో షుల్ట్జ్ మోసం జరిగిందంటూ అమ్మకం రద్దు చేయమని దావా వేశాడు, ఆగస్టులో తనే వెనక్కి తీసుకున్నాడు.

అయితే ఒక్కడి మీదే తోసేస్తే మిగతావాళ్లు తప్పించుకుంటారు. కీఅరీనాని పెంచడానికి 22 కోట్ల డాలర్లు కావాలని షుల్ట్జ్ అడిగితే రాష్ట్ర శాసనసభ ఇవ్వలేదు. అప్పటికే బేస్‌బాల్ టీమ్‌కి ఒక స్టేడియం, ఫుట్‌బాల్ టీమ్‌కి ఇంకొకటి ప్రజాధనంతో కట్టించిన ఊరది. జనం విసిగిపోయారు. 2006 నవంబర్‌లో ఇనిషియేటివ్ 91 అనే ప్రతిపాదన ఓటింగ్‌కి వస్తే 74 శాతం మంది అవునన్నారు. దాని సారాంశం ఇది: నగరం ఏ ప్రొఫెషనల్ టీమ్‌కి డబ్బు పెట్టినా, కనీసం 30 ఏళ్ల ట్రెజరీ బాండు (అమెరికా ప్రభుత్వ రుణపత్రం) మీద వచ్చేంత రాబడి తిరిగి రావాలి. పన్ను కట్టేవాడిగా ఆలోచిస్తే అందులో తప్పేమీ లేదు. కానీ ఆ షరతుకి ఒప్పుకుని ఏ టీమ్ యజమానీ సంతకం పెట్టడు. బెనెట్ ఆ తర్వాత సియాటెల్ పక్కనున్న రెంటన్‌లో 50 కోట్ల డాలర్ల అరీనా కావాలన్నాడు, 2007లో శాసనసభ దాన్నీ పక్కన పెట్టింది.

బెనెట్ బృందానికి మొదటి నుంచీ ఉద్దేశం వేరే ఉందా అంటే, 2007 ఆగస్టులో ఆ బృందంలోని ఆబ్రీ మెక్‌క్లెండన్ ఓక్లహామా పత్రికతో, టీమ్‌ని సియాటెల్‌లో ఉంచడానికి కొనలేదని తన నోటితోనే చెప్పాడు. లీగ్ ఆయనకి 2.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఉద్దేశం వాళ్లది, దానికి దారి వదిలింది మాత్రం సియాటెల్ పెద్దలు.

అపోహ: సియాటెల్ కోర్టులో ఓడిపోయింది

ఇది నేను అందరికంటే ఎక్కువగా వినే మాట. సియాటెల్ ఓడిపోలేదు. అసలు తీర్పే రాలేదు.

టీమ్‌కీ నగరానికీ ఉన్న లీజు ప్రకారం 2010 సెప్టెంబర్ 30 దాకా హోమ్ గేమ్‌లు కీఅరీనాలోనే ఆడాలి. అందులో ఇంకో వాక్యం ఉంది, నా దృష్టిలో మొత్తం లీజులో విలువైనది అదే: ఈ ఒప్పందంలోని బాధ్యతలు ప్రత్యేకమైనవి, కాబట్టి ఎవరైనా దీన్ని ఉన్నదున్నట్టు అమలు చేయించుకోవచ్చు. మామూలుగా లీజు మధ్యలో వదిలేస్తే మిగిలిన అద్దె కట్టి బయటపడవచ్చు. బెనెట్ బృందం అలాగే రెండేళ్ల అద్దె పారేసి పోదామనుకుంది. అద్దె వద్దు, ఆటే కావాలని నగరం పట్టుబట్టడానికి ఆ ఒక్క వాక్యమే ఆధారం.

2008 జూన్‌లో ఫెడరల్ జడ్జి మార్షా పెక్‌మన్ ముందు ఆరు రోజులు విచారణ జరిగింది. టీమ్ తరఫు వాదన వినండి: సోనిక్స్ వెళ్లిపోయినా సియాటెల్‌కి ఆర్థికంగా నష్టమేమీ లేదు, జనం ఆ డబ్బే వేరే వినోదం మీద పెడతారు. టీమ్ ఉంటే ఊరు బాగుపడుతుందని చెప్పి ప్రజాధనం అడిగినవాళ్లే, ఏడాది తిరిగేసరికి ఈ మాట అన్నారు. స్టేడియం కట్టించండని ఎవరొచ్చినా ఈ వాదన కాగితం వాళ్ల ముందు పెట్టాలి. నగరం తరఫున లోపాలు లేవని కాదు. యజమానులకు నష్టాలు పెంచి టీమ్‌ని అమ్ముకునేలా చేద్దామన్న ప్రణాళిక ఒకటి విచారణలో బయటపడి నగరం ముఖం మీద కొట్టినట్టయింది.

తీర్పు జులై 2 సాయంత్రం రావాలి. కొన్ని గంటల ముందు మేయర్ గ్రెగ్ నికెల్స్ రాజీ ప్రకటించారు. నగరానికి 4.5 కోట్ల డాలర్లు వెంటనే వస్తాయి. 2009 ఆఖరులోగా శాసనసభ కీఅరీనాకి నిధులు మంజూరు చేసి, అయినా అయిదేళ్లలో మరో టీమ్ రాకపోతే ఇంకో 3 కోట్లు వస్తాయి. శాసనసభ ఏమీ మంజూరు చేయలేదు, ఆ 3 కోట్లు రాలేదు.

తీర్పు దాకా ఆగి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. ఆ మార్చిలోనే అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ బృందం కీఅరీనా బాగుచేతకి 15 కోట్ల డాలర్లు సొంతంగా పెడతామని ముందుకొచ్చింది. మిగతా సగం ప్రభుత్వం వైపు నుంచి రావాలన్నారు, అది రాలేదు. రాజీ జరిగిన మూడు నెలలకే ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చి, అక్టోబర్‌లో మెక్‌క్లెండన్ తన కంపెనీ షేర్లు దాదాపు అన్నీ తెగనమ్ముకోవాల్సి వచ్చింది. ఇంకా రెండేళ్లు సియాటెల్‌లో ఆడక తప్పని పరిస్థితే ఉండి ఉంటే, ఆ యజమానులు అమ్మకానికి ఒప్పుకునే అవకాశం కొంతైనా ఉండేది.

అపోహ: ఓక్లహామా సిటీకి ఊరికే కలిసొచ్చింది

ఆ ఊరు 1993లోనే సేల్స్ ట్యాక్స్ వేసుకుని ఊరి పునర్నిర్మాణం మొదలుపెట్టింది. అందులో భాగంగా కట్టిన అరీనా 2002కి, ఏ టీమూ లేకుండానే సిద్ధమైంది. 2005లో కత్రీనా తుపాను న్యూ ఆర్లీన్స్‌ని ముంచేస్తే హార్నెట్స్ టీమ్ రెండు సీజన్లు ఎక్కువ భాగం అక్కడే ఆడింది. జనం హాలు నింపారు. ఈ ఊరు టీమ్‌ని నిలబెట్టగలదని లీగ్‌కి నమ్మకం కలిగింది అప్పుడే. 2008 మార్చిలో అరీనా మెరుగులకి, ప్రాక్టీస్ హాలుకి సుమారు 12 కోట్ల డాలర్లు పన్నుగా కట్టడానికి 62 శాతం మంది ఒప్పుకున్నారు. ఆ ఏప్రిల్‌లో లీగ్‌లోని టీమ్‌ల యజమానులు 28-2తో తరలింపుని ఆమోదించారు. వద్దన్న ఇద్దరు డాలస్ యజమాని మార్క్ క్యూబన్, పోర్ట్‌లాండ్ యజమాని, సియాటెల్‌వాడే అయిన పాల్ ఆలెన్.

ఆ ఖర్చు ఒక్కసారితో తీరేది కాదు. 2023 డిసెంబర్‌లో అదే ఊరు కనీసం 90 కోట్ల డాలర్ల కొత్త అరీనాకి మళ్లీ ఓటేసింది. యజమానులు పెట్టేది 5 కోట్లు.

అపోహ: టీమ్‌తో పాటు పేరు, కప్పు, చరిత్ర అన్నీ పోయాయి

రాజీలో సియాటెల్ గట్టిగా పట్టుకుని సాధించింది ఇదే. సూపర్‌సానిక్స్ పేరు, ఆకుపచ్చ బంగారు రంగులు, లోగో ఓక్లహామా టీమ్ వాడకూడదు. భవిష్యత్తులో సియాటెల్‌కి టీమ్ వస్తే దానివే. 1979లో లెనీ విల్కెన్స్ కోచ్‌గా వాషింగ్టన్ బులెట్స్‌ని ఓడించి తెచ్చిన కప్పు, జెండాలు సియాటెల్‌లోని మ్యూజియం ఆఫ్ హిస్టరీ అండ్ ఇండస్ట్రీకి చేరాయి. రికార్డుల చరిత్ర మాత్రం థండర్ దగ్గరే ఉంటుంది, కొత్త సియాటెల్ టీమ్ వస్తే దానితో పంచుకోవచ్చు.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: లీగ్ పుస్తకాల్లో 2025ది ఆ ఫ్రాంచైజీకి రెండో టైటిల్, ఓక్లహామా జనానికి మొదటిది. హైదరాబాద్ వాళ్లకి ఇది తిరగేసిన రూపంలో తెలిసిందే. 2009లో ఐపీఎల్ గెలిచింది డెక్కన్ చార్జర్స్. 2012లో ఆ ఫ్రాంచైజీ రద్దయ్యాక వచ్చిన సన్‌రైజర్స్ వేరే ఫ్రాంచైజీ, దాని ఖాతాలో ఉన్నది 2016 కప్పు ఒక్కటే. అక్కడ ఊరు అదే, ఫ్రాంచైజీ మారింది. సియాటెల్‌లో ఫ్రాంచైజీ అదే, ఊరు మారింది.

అపోహ: రస్సెల్ వెస్ట్‌బ్రూక్ సోనిక్స్‌కి ఆడాడు

ఆడలేదు. 2008 జూన్ 26 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) ఆయన్ని నాలుగో స్థానంలో తీసుకున్నది సియాటెలే. ఆరు రోజులకి టీమే వెళ్లిపోయింది. కెవిన్ డ్యురాంట్ మాత్రం ఒక సీజన్ ఆడి, రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు) అయ్యాడు. 2008 ఏప్రిల్ 13న కీఅరీనాలో డాలస్ మీద 99-95తో గెలిచిన చివరి హోమ్ గేమ్‌లో ఉన్నాడు.

అపోహ: సియాటెల్ తర్వాత ప్రయత్నమే చేయలేదు

2013లో పెట్టుబడిదారు క్రిస్ హాన్సెన్, బామర్ కలిసి శాక్రమెంటో కింగ్స్‌ని కొని సియాటెల్‌కి తేవడానికి ఒప్పందం కుదుర్చుకున్నారు. లీగ్ యజమానులు 22-8తో తరలింపుని తిరస్కరించారు. ముంబైలో పుట్టిన వివేక్ రణదివే బృందం కింగ్స్‌ని కొని అక్కడే ఉంచింది. సియాటెల్ అభిమానులకి అది రెండో దెబ్బ. అయినా నేను ఆ తీర్మానాన్ని తప్పు పట్టలేను. తమకి జరిగిందే శాక్రమెంటో జనానికి జరగాలని కోరుకోవడం సరికాదని అప్పట్లో సియాటెల్ అభిమానులే కొందరు అన్నారు. ఇక హాలు విషయానికొస్తే, 1962 నాటి ఆ పైకప్పుని, సుమారు 20 వేల టన్నుల బరువున్నదాన్ని, గాలిలో నిలబెట్టి కింద తవ్వి పూర్తిగా కొత్త అరీనా కట్టారు. వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది, అదంతా ప్రైవేటు పెట్టుబడి. 2021లో క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాగా తెరిచారు.

అపోహ: 2008తో సియాటెల్‌లో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ అయిపోయింది

ఈ మాట మహిళల టీమ్‌కి అన్యాయం చేస్తుంది. బెనెట్ బృందం సోనిక్స్‌తో పాటు డబ్ల్యుఎన్‌బీఏ టీమ్ స్టార్మ్‌ని కూడా కొంది. అదీ వెళ్లిపోయేదే. 2008 మొదట్లో నలుగురు సియాటెల్ మహిళలు కోటి డాలర్లకు దాన్ని కొని ఊళ్లోనే ఉంచారు. వాళ్లలో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసినవాళ్లూ ఉన్నారు. 2004లో ఒకటి గెలిచి ఉన్న స్టార్మ్ ఆ తర్వాత 2010, 2018, 2020లో మరో మూడు టైటిల్స్ తెచ్చింది. సోనిక్స్ నలభై ఒక్క సీజన్లలో తెచ్చింది ఒక్కటి. సియాటెల్ చుట్టుపక్కల ఉంటూ, ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. స్టార్మ్ సీజన్ మే నుంచి మొదలవుతుంది, హాలు అదే. వెళ్లి చూడండి.