పెద్దమామయ్య నుదురు ఎక్కడికి పోయింది?

చి. అనన్యకూ, అమెరికాలో ఉన్న తన ఈడు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

"సంక్రాంతికి బొమ్మల కొలువు ముందు తీసుకున్న ఫోటో ఫోన్‌లో బాగానే ఉంది తాతయ్యా. దుకాణంలో ప్రింటు వేయిస్తే వెనకాల నిలబడ్డ పెద్దమామయ్యకి నుదురు లేదు, పై మెట్టు మీది కలశానికి కొబ్బరికాయ లేదు. మెషిన్ తినేసిందా?" అని అడిగావు కదమ్మా అనన్యా.

మెషిన్ తినలేదు. మంచానికి దుప్పటి సరిపోలేదు, అంతే.

కాగితం మంచం, ఫోటో దుప్పటి అనుకోండి. అడ్డంగా పట్టుకుని తీసిన మామూలు ఫోన్ ఫోటో 4:3 నిష్పత్తిలో ఉంటుంది, అంటే పొడవు నాలుగు పాళ్లైతే వెడల్పు మూడు పాళ్లు. మీరు కొన్నది 4×6 అంగుళాల మంచం. ఆరు అంగుళాల పొడవుకి దుప్పటి సరిగ్గా పరిస్తే దాని వెడల్పు నాలుగున్నర అంగుళాలవుతుంది. మంచం వెడల్పు నాలుగే. మిగిలిన అర అంగుళంలో పైన పావు, కింద పావు అంచు దాటి వేలాడతాయి. ఇంట్లో అయితే ఆ వేలాడేది పరుపు కిందకి దోపేస్తాం. మెషిన్‌కి దోపడం చేతకాదు, కోసేస్తుంది. పైన పావు అంగుళంలో ఉన్నది మామయ్య నుదురూ కొబ్బరికాయా. కింద పావులో ఉన్నది ఒట్టి తివాచీ, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అదే ఫోటోని 8×10 వేయించండి, మామయ్య నుదురు క్షేమం. ఈసారి మంచం పొట్టిది కాబట్టి ఎడమా కుడీ కలిపి ముప్పాతిక అంగుళానికి కాస్త తక్కువగా పోతుంది. వరుస చివర నిలబడ్డవాళ్ల భుజాలు చూసుకోవాలి. 5×7లో మాత్రం పైనా కిందా కలిపి పోయేది పావు అంగుళమే.

ఫోన్లన్నీ 4:3 అయితే ఈ 4×6 మంచం ఎవరు చేయించారంటారా? మా చిన్నతనంలో కెమెరాలో ఫిల్ము రీలు ఉండేది. 36 బొమ్మలు పడేవి, పండక్కి వేసిన రీలు పెళ్లి దాకా పూర్తయ్యేది కాదు. రీలు కడిగించి, ప్రింట్లు వేయించి, కవరు చేతికొచ్చాకే ఎవరు కళ్లు మూసుకున్నారో తెలిసేది. ఆ రీలు మీద ఒక్కో బొమ్మ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే 3:2. ఆరుకి నాలుగూ అంతే. మంచం పాత దుప్పటికి కొలిచి చేసింది, మీరు కొత్త దుప్పటి తెచ్చి పరిచారు.

ఇక చేయాల్సింది. వాల్‌మార్ట్ లాంటి దుకాణాల్లో యాప్‌లోగానీ, లోపల ఉండే కియోస్క్ (మనమే ఫోటోలు ఎంచుకునే తెర ఉన్న యంత్రం) దగ్గరగానీ ఆర్డర్ పెట్టొచ్చు. (కాస్ట్‌కోకి వెళ్దామని నాన్న అంటే చెప్పండి, వాళ్లు 2021 ఫిబ్రవరిలోనే దుకాణాల్లోని ఫోటో విభాగాలు మూసేశారు.) సైజు ఎంచుకున్నాక వెంటనే డబ్బు కట్టేయకండి. ఒక్కో ఫోటో తెరిచి, ప్రింటులో ఏ భాగం పడుతుందో చూపించే చట్రాన్ని వేలితో జరపండి. మీరు ముట్టుకోకపోతే అది నడిమధ్యనే ఉంటుంది. పైకి జరిపితే తివాచీ ఇంకాస్త పోతుంది, మామయ్య దక్కుతాడు. యాభై ఫోటోలుంటే యాభై సార్లూ చూడాలి, విసుగే, తప్పదు. ఏదీ కోయకూడదనుకుంటే ఫోటో మొత్తం పట్టించి పక్కల తెలుపు వదిలే పద్ధతి ఎంచుకోండి. అంచులేని ప్రింటులో కాగితం కొసన తెల్లగీత కనిపించకుండా మెషిన్ బొమ్మని ఓ పిసరు పెద్దది చేస్తుంది. అందుకని చట్రంలో అంచుకి ఆనుకుని ఉన్న తల కూడా తెగొచ్చు. ఫోటో తీసేటప్పుడే ఒక అడుగు వెనక్కి వేస్తే ఈ గొడవలు సగం ఉండవు.

దుప్పటిని ఇంకొంచెం వాడుకుంటాను. చిన్న దుప్పటిని పెద్ద మంచానికి సాగదీస్తే నేత పలచబడి పోగులు బయటపడతాయి కదా, ఫోటోకి పోగులు పిక్సెళ్లు, అంటే బొమ్మని కూర్చే బుల్లి బుల్లి రంగు గళ్లు. చేత్తో పట్టుకుని చూసే ప్రింటుకి అంగుళానికి 300 ఉంటే నేత చిక్కగా ఉన్నట్టు. 4×6కి 1200×1800, 8×10కి 2400×3000 కావాలి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటోకి ఇదేం లెక్క కాదు. చిక్కంతా వాట్సాప్‌తో. పిన్ని మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు దాదాపు 1600కి కుదించుకుపోయి వస్తుంది. 4×6కి గట్టెక్కుతుంది, 8×10లో పట్టుచీర జరీ అలుక్కుపోతుంది. ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి ప్రింటు వేయించే పని మాత్రం ఎప్పుడూ చేయకండి.

రంగుల దగ్గర నా దుప్పటి పనికిరాదు. ఫోన్ తెర తనే వెలుగుతుంది, కాగితం తన మీద పడ్డ వెలుతురునే తిప్పి పంపుతుంది. అందుకే తెర మీద కళకళలాడిన ఫోటో చేతిలోకి వచ్చేసరికి మసకబారినట్టుంటుంది. ఆర్డర్ పెట్టేముందు ఫోన్ వెలుగు సగానికి తగ్గించి చూడండి, అప్పటికీ ముఖాలు తెలుస్తుంటే ప్రింటులోనూ తెలుస్తాయి. రంగుల్ని తనంతట తనే సరిదిద్దే ఏర్పాటు ఒకటుంటుంది. ఎండలో తీసిన వాటికి పరవాలేదు. దీపాల వెలుగులో తీసిన కొలువు ఫోటోలో మాత్రం ఆ బంగారు రంగే తప్పనుకుని తెల్లబరిచే ప్రమాదం ఉంది. వీలుంటే తీసేయమనండి. పెద్ద ప్రింటు వేయించేముందు అదే ఫోటో 4×6 ఒకటి వేయించి చూసుకోవడం చవకైన జాగ్రత్త.

నిగనిగలాడే కాగితం రంగుల్ని బాగా చూపిస్తుంది, వేలిముద్రల్ని కూడా. చేతులు మారే ఫోటోలకి నిగనిగ లేని మ్యాట్ కాగితం మేలు. కవరు కౌంటర్ దగ్గరే తెరవండి. వరుసగా అన్ని ప్రింట్ల మీదా ఒకే చోట గీత ఉంటే అది మీ ఫోటోది కాదు, మెషిన్‌లో దుమ్ము. మర్యాదగా చూపించి మళ్లీ వేయమని అడగండి. ఇంటికొచ్చాక వెనక పేర్లు రాసేటప్పుడు బాల్‌పెన్నుతో గట్టిగా అదమకండి, ముందువైపు ముఖాల మీద గాడి పడుతుంది. రాయడం మాత్రం మానకండి. ఆ మూడో వరుసలో ఉన్నదెవరో ముప్పై ఏళ్ల తర్వాత చెప్పడానికి మేమెవరం ఉండం.

ఇంకోటి. అమ్మమ్మ పెళ్లి ఫోటో కియోస్క్ స్కానర్ మీద పెడితే, దాని మూలన ఉన్న స్టూడియో ముద్ర చూసి అక్కడివాళ్లు అభ్యంతరం చెప్పొచ్చు. ఫోటో మీ ఇంట్లో ఉన్నా, నకలు తీసే హక్కు తీసినవాళ్లదంటారు. వాళ్లతో వాదించకండి, వాళ్ల పని అది.

మెషిన్ లోపల రంగు ఎలా పడుతుందో కూడా అడిగావు. కొన్ని మెషిన్లలో పసుపు, గులాబీ, నీలం పూసిన రిబ్బన్ మీద వేడి తగిలి, ఒక్కో రంగూ విడివిడిగా అదే కాగితం మీదకి దిగుతుంది. చివర్లో కనిపించని పొర ఒకటి కప్పుతుంది. మరికొన్ని సన్నటి సిరాచుక్కలు చిమ్ముతాయి. మీ దుకాణంలో ఉన్నది ఏదో నేనిక్కణ్ణించి చెప్పలేను గానీ, నువ్వు చెప్పగలవు. మంచి భూతద్దం తీసుకుని మామయ్య చెంప మీద పెట్టి చూడు. చుక్కలు చుక్కలుగా ఉంటే సిరా, ఎంత దగ్గరగా చూసినా నున్నగా కలిసిపోయి ఉంటే సిరా కాదు. పక్కనే న్యూస్‌పేపర్‌లో ఫోటో ఒకటి పెట్టుకుంటే చుక్కలంటే ఏమిటో ముందే తెలుస్తుంది. ఏం కనిపించిందో రాయి.

మీ తాతయ్య