తడిగుడ్డ, స్ప్రింగ్, చెంచాడు పంచదార

మే నెల మిట్టమధ్యాహ్నం, నందిగామ దాటాక మా నాన్న అంబాసిడర్ నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ఆయన బానెట్ ఎత్తి, తువ్వాలు తడిపి, ట్యాంకులోని పెట్రోల్‌ని ఇంజన్‌కి తోడిపెట్టే పంపుకి చుట్టారు. కాసేపాగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. నాకైతే గారడీలా అనిపించింది.

పెట్రోల్ ఎన్నో ద్రవాల మిశ్రమం. అందులో తేలికవి నలభై డిగ్రీల దగ్గరే ఆవిరవుతాయి. పైగా పంపు ట్యాంకులోంచి పీలుస్తుంటే ఆ పైపులో పీడనం తగ్గుతుంది, దాంతో ఇంకా తొందరగా మరుగుతుంది. పంపులో చేరిన ఆవిరి నలిగి ఊరుకుంటుందే తప్ప ముందుకు కదలదు. తడిగుడ్డ దాన్ని మళ్లీ పెట్రోల్‌గా మారుస్తుంది.

అసలు ముచ్చటైనది ఆ పంపు. క్యామ్ షాఫ్ట్ (ఇంజన్‌లో తిరిగే ఒక ఇరుసు) కదిలించే ఆర్మ్ లోపలి డయాఫ్రంని, అంటే వంగే పలుచని పొరని, కిందికి లాగుతుంది, అంతవరకే దాని పని. పైకి నెట్టేది స్ప్రింగ్. కాబట్టి ప్రెషర్ ఎంతన్నది తేల్చేది స్ప్రింగే, మామూలుగా 2 నుంచి 4 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బొరేటర్ నిండి, దాని దారికి అడ్డుపడే నీడిల్ (సూది) మూసుకుంటే డయాఫ్రం కిందే ఆగిపోతుంది, ఆర్మ్ ఊరికే ఆడుతుంది.

ఆ నీడిల్ రంధ్రం 2 మిల్లీమీటర్లు అనుకుంటే, 3 పీఎస్ఐ దగ్గర దాని మీద పడే బలం ఆరున్నర గ్రాముల బరువంత. చెంచాడు పంచదార కంటే కాస్త ఎక్కువ! నీడిల్‌ని నెట్టి మూసేది ఫ్లోట్, అంటే కార్బొరేటర్ పెట్రోల్‌లో తేలే బుడ్డి. అది ఆపగలిగేది అంతంతమాత్రమే. పికప్ లేదని కొందరు కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ కారు ఎలక్ట్రిక్ పంపు తగిలిస్తారు. అది 40 పీఎస్ఐకి అటూ ఇటూ నెడుతుంది. ఇంకేముంది, కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో, నల్ల పొగ, వేడి ఇంజన్ మీద పెట్రోల్. నిప్పుతో చెలగాటమే.

ప్రెషర్ తగ్గితే బండి ఊళ్లో బాగానే తిరుగుతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు నీరసిస్తుంది. అలాగని వెంటనే పంపు మార్చకండి. ఇంజన్ చల్లారాక, నిప్పురవ్వ పుట్టకుండా కాయిల్ వైరు తీసేసి, కార్బొరేటర్‌కి వెళ్లే పైపుని సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. పెట్రోల్ ఆగి ఆగి గట్టిగా చిమ్మాలి. బుడగలతో వస్తోందంటే ట్యాంకు వైపు పైపులో ఎక్కడో చీలిక ఉంది. అక్కడ పెట్రోల్ కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే కళ్లకి కనపడక మెకానిక్‌ని ఏడిపిస్తుంది. పాత రబ్బరు పైపులకి ఇప్పటి ఇథనాల్ పెట్రోల్ బొత్తిగా పడదు, ముందు వాటినే అనుమానించండి.

ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, కూడా తీసి వాసన చూడండి. మట్టం పెరిగి పెట్రోల్ కంపు కొడుతుంటే డయాఫ్రం చిరిగి పెట్రోల్ ఆయిల్‌లోకి కారుతూ ఉండొచ్చు. ఆయిల్ మార్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు.

మా అంబాసిడర్‌కి ఆ తర్వాతి ఏడు మళ్లీ అదే జబ్బు చేసింది. ఈసారి తడిగుడ్డ పనిచేయలేదు. పంపు విప్పించాం, కార్బొరేటర్ కడిగించాం. చివరికి నాన్న ట్యాంకు మూత తిప్పితే ఉస్స్‌మని గాలి లోపలికి పోయింది. మూతకుండే గాలి రంధ్రం దుమ్ముతో పూడుకుపోయిందంతే, గుండుసూదితో పొడిచారు.