పంటి కింద పలుకురాయి

పర్లాకిమిడిలోని ఒక ఒడియా మాధ్యమపు బడిలో చేరిన మా మేనకోడలు వరలక్ష్మి మొదటి వారమంతా హాజరు పలకలేదు. ఉపాధ్యాయిని ‘బొరొలొఖ్మి’ అని రెండేసి సార్లు పిలిచినా అది తన పేరేనని పిల్లకు తట్టలేదు. ఆమె ఉచ్చారణలో దోషమేమీ లేదు. ఒడియాలో సంస్కృత పదాల వకారం తరచుగా బకారమవుతుంది, అకారం ఒకారానికి దగ్గరగా వినిపిస్తుంది, ‘క్ష్మ’ కరిగి ‘ఖ్మ’గా మిగులుతుంది. అయితే నెల తిరగకముందే ‘పిల్ల కాస్త మందం’ అన్న మాట ఇంటికి చేరింది. అప్పటికే ఆ మందపు పిల్లకు పదిహేనో ఎక్కం నోటికి వచ్చు.

పిల్ల మౌనం ఒక కారణం కావచ్చు గాని, రెండో కారణం పిలిచేవారి నాలుకలో ఉందని నా అనుమానం. పేరు చదివేటప్పుడు మెదడు ముందు రాబోయే అక్షరాన్ని ఊహిస్తూ పోతుంది. ఊహ ఫలిస్తే చదువు జారుగా సాగుతుంది, తప్పితే తడబడుతుంది. చిక్కేమిటంటే, తడబాటు అనుభవానికి వస్తుంది గాని దాని మూలం తెలియదు. అన్నంలో ఒక్క పలుకురాయి పంటి కింద పడితే చాలు, కూర ఎంత రుచిగా ఉన్నా మనం వంటమనిషినే తప్పుపడతాం. పేరు విషయంలో ఇంకా విచిత్రం: రాయి అన్నంలో లేనే లేదు, తినేవారి పంటిలోనే ఉంది. పొలిమేర దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళితే అదే వరలక్ష్మి ఎవరి పంటికీ తగలదు. అక్కడ ‘బిశ్వజిత్’ తగులుతుంది; హలంతం మింగుడుపడక చివర ఉకారం చేర్చి, బకారాన్ని అచ్చుతప్పుగా భావించి, ‘విశ్వజిత్తు’ అని దిద్దేదాకా మనం ఊరుకోం.

మనస్తత్వ పరిశోధకులు సైమన్ లేహమ్, పీటర్ కోవల్, ఆడమ్ ఆల్టర్ 2012లో ప్రచురించిన పరిశోధనలో తేలికగా పలకగలిగే పేర్లవారిపైనే జనానికి ఎక్కువ సదభిప్రాయం కనిపించింది. అమెరికా న్యాయవాద సంస్థలలోనూ అటువంటి పేర్లవారే పై హోదాలలో ఎక్కువగా ఉన్నారు. ఈ ప్రభావం పేరు పొడవు వల్లనో పరాయిదనం వల్లనో వచ్చింది కాదని వారు విడదీసి చూపారు. పరాయిదనపు లెక్క వేరు, అది మరింత క్రూరమైనది: బోస్టన్, షికాగోలలో ఒకే రకమైన అర్హతలతో పంపిన ఉద్యోగ దరఖాస్తులలో తెల్లవారి పేర్లున్న పదింటికి ఒక పిలుపు వస్తే, నల్లవారి పేర్లున్నవాటికి పదిహేనింటికి ఒకటి వచ్చిందని 2004లో ఆర్థికవేత్తలు బెర్‌ట్రండ్, ముల్లైనాథన్ లెక్క తేల్చారు.

పేర్ల అంకెలతో జాతకం చెప్పే సంఖ్యాశాస్త్రజ్ఞులు అదృష్టం కలిసొస్తుందంటూ రుసుము పుచ్చుకొని ఇంగ్లీషు స్పెల్లింగులో అదనంగా ఒక అక్షరం చేర్చిపెడతారు. పేరు పలకడం మరింత కష్టమైతే ఫలితం తిరగబడే అవకాశమే ఎక్కువ, అందులో గ్రహాల ప్రమేయమేమీ లేకుండానే.

రాయి అరగడానికి మార్గం ఒకటే, పదేపదే నమలడం. ఒక పదాన్నో ముఖాన్నో మళ్ళీ మళ్ళీ ఎదుర్కొన్నంత మాత్రాననే దానిపై ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జయన్స్ 1968లో చూపాడు. హాజరుపట్టీ రోజూ చేసే పని అదే. దసరా సెలవుల నాటికి వరలక్ష్మి రెండు పేర్లకూ పలకసాగింది. మొన్న బడి నుంచి వచ్చిన ఫిర్యాదు, పిల్ల తరగతిలో మాటలు ఆపడం లేదని.