ఏఈ బంధువుకున్న రూలు ఎమ్మెల్యే బంధువుకు లేదు

మళ్లీ అదే గొడవ. ఫలానా వారి బావమరిదికి టెండర్ ఎలా దక్కిందని ఒకరు, ఎల్‌1గా, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవారిగా వచ్చారు కాబట్టి దక్కిందని ఇంకొకరు. అమృత్ (కేంద్ర పట్టణ తాగునీటి, మురుగునీటి పథకం) పనుల్లో తెలంగాణ ముఖ్యమంత్రి బంధువు కంపెనీ ఉందని 2024లో బీఆర్ఎస్ ఆరోపిస్తే, అంతా పద్ధతి ప్రకారమేనని ప్రభుత్వం కొట్టిపారేసింది. అంతకుముందు ఇవే మాటలు కాంగ్రెస్ అటువైపు విసిరేది. టెండర్ బాక్సులు పోయి ఆన్‌లైన్ టెండర్ల పద్ధతి, అదే ఈ-ప్రొక్యూర్‌మెంట్ ఎలా వచ్చిందో అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. నన్నడిగితే అసలు మలుపు 1958లో ఉంది.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం మొదట్లో గట్టిగానే ఉండేది. చట్టసభకు పోటీ చేసేవారికైనా, గెలిచినవారికైనా ప్రభుత్వ కాంట్రాక్టులో తన పేరు మీదైనా, తన లాభం కోసం ఇంకొకరి పేరు మీదైనా వాటా గానీ ప్రయోజనం గానీ ఉంటే అనర్హత పడేది. సరుకులు, పనులే కాదు, సేవలు కూడా లెక్కలోకి వచ్చేవి. సైనికుల క్యాంటీన్లకు బీడీలు సప్లై చేసే సంస్థలో భాగస్వామి అయినందుకు, లోక్‌సభకు గెలిచిన ఒకాయన్ని 1954లో సుప్రీంకోర్టు అనర్హుడని తేల్చింది. బీడీలకే అంత! 1958 సవరణ ఆ మాటలన్నీ తీసేసింది. తాను స్వయంగా, తన వ్యాపారంలో భాగంగా కుదుర్చుకున్న కాంట్రాక్టు అయితేనే తప్పు. 1966లో అది 9ఏ సెక్షన్ అయింది, సారం మారలేదు. 1958లోనే 'సేవలు' కూడా ఎగిరిపోయాయి, ఇవాళ ఔట్‌సోర్సింగ్ సిబ్బంది, శానిటేషన్, కన్సల్టెన్సీ, ఇవన్నీ సేవలే కదా. పైగా కాంట్రాక్టు కంపెనీ పేరు మీదుంటే అది కంపెనీది, షేర్లున్నంత మాత్రాన ఆయనది కాదు.

1964లో మంత్రులకు ప్రవర్తనా నియమావళి పెట్టారు. ప్రభుత్వానికి సరఫరా చేసే వ్యాపారాల్లో కుటుంబ సభ్యులు ఉండకూడదట, మార్కెట్ ధరకు మామూలు వ్యాపారంగా చేస్తే మాత్రం పర్లేదట. దానికి చట్టబలం లేదు. రాష్ట్ర మంత్రి తప్పితే అడగాల్సింది ముఖ్యమంత్రే.

ఇక మన ఇంజినీరింగ్ శాఖల టెండర్ డాక్యుమెంట్ తీసి చూడండి. సర్కిల్‌లో (శాఖలో కొన్ని డివిజన్లు కలిసిన విభాగం) దగ్గరి బంధువు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గానీ ఆపై ఇంజినీరు గానీ, డివిజనల్ అకౌంటెంట్ గానీ అయితే అక్కడ టెండర్ వేయకూడదు. దగ్గరి బంధువు అంటే ఎవరో జాబితా కూడా ఇచ్చారు: కొడుకు, సవతి కొడుకు, అల్లుడు, కోడలు, బావమరిది, మేనల్లుడు, చివరికి కజిన్ల దాకా, పెళ్లి శుభలేఖలో కూడా అన్ని పేర్లుండవు. సీసీ రోడ్లు, డ్రైన్లు వేసే చిన్న కాంట్రాక్టర్ ఒకాయన హైదరాబాద్ ఎర్రమంజిల్‌లో టీ తాగుతూ చెప్పారు, పెద్దనాన్న కొడుకు ఏఈగా ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాడని రెండేళ్లు ఆ సర్కిల్ వైపే వెళ్లలేదట.

"మా ఇద్దరికీ పొలం గట్టు తగాదా అండీ, మాటల్లేవు. అయినా డిక్లరేషన్‌లో రాయాలి కదా."

ఆ జాబితా మొత్తం ఉద్యోగుల బంధువుల గురించే. ఎమ్మెల్యే, మంత్రి అనే మాటలు అందులో లేవు.