పోలీసోళ్లు రాజకీయాల్లోకి రావాలంటే: అపోహలు - వాస్తవాలు

ఎన్నికల వాసన తగిలితే చాలు, నా ఫోన్ ఆగదు. కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లు, ఎస్సైలు, అందరిదీ ఒకటే మాట: "సార్, రాజీనామా కాయితం ఇచ్చేసిన. ఇంక పోటీకి నేను ఫ్రీయే కదా?" కాదు తమ్ముడూ. పోలీసు కొలువు నుంచి రిటైరయ్యి పార్టీ రాష్ట్ర కమిటీలోకి వచ్చాక నామినేషన్ పేపర్లు చూసే పని కూడా నా నెత్తినే పడింది. ఎన్నిసార్లు చెప్పినా వాట్సాప్ పుకారే గెలుస్తోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా.

అపోహ: రాజీనామా లెటర్ ఆఫీసు ఇన్‌వార్డులో (కాయితాలు తీసుకునే చోట) పడితే పోటీ చేయొచ్చు.

వాస్తవం: లెటర్ ఇవ్వడం వేరు, రిలీవ్ అవడం వేరు. ఆర్టికల్ 191 ప్రకారం సర్కారు కొలువులో ఉన్నవాడు ఎమ్మెల్యేగా నిలబడటానికి అనర్హుడు, దానికి స్క్రూటినీ (నామినేషన్ల పరిశీలన) రోజే లెక్క. ఆ రోజుకి ఆమోదించిన ఆర్డర్ చేతిలో లేకపోతే రిటర్నింగ్ ఆఫీసర్ ముందు మీ కథ ఎంత బాగా చెప్పుకున్నా పని జరగదు. 2019లో హిందూపురం ఎంపీగా గెలిచిన గోరంట్ల మాధవ్ అంతకుముందు సీఐ. పైవాళ్లు రిలీవ్ చేయకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లి ఆర్డర్ తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆయన వెనక పార్టీ ఉంది, లాయర్లు ఉన్నారు. మీ వెనక ఎవరున్నారో చూసుకోండి.

ఇంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. రాజీనామా, వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) రెండూ ఒకటే అనుకుని సంతకం పెట్టేస్తున్నారు. మన పెన్షన్ రూల్స్‌లో రాజీనామా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసంతా లెక్కలోంచి పోతుంది, పెన్షన్ రాదు. ఇరవై ఏళ్లు నిండాక మూడు నెలల నోటీసిచ్చి వీఆర్ఎస్ తీసుకుంటే వస్తుంది. (2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) వాళ్ల లెక్క వేరు, వాళ్లు విడిగా అడగండి.) సీబీఐ జేడీగా చేసిన లక్ష్మీనారాయణ గారు 2018లో, ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు 2021లో బయటికొచ్చింది వీఆర్ఎస్ తీసుకునే. ఐపీఎస్‌లే అంత జాగ్రత్తగా వస్తుంటే నెల జీతం మీద బతికేవాడికి అంత తొందరేంటి?

మూడు నెలలంటే ఏంటో కూడా చూడండి. 2023లో మన తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలకి షెడ్యూల్ వచ్చింది అక్టోబర్ 9న, స్క్రూటినీ నవంబర్ 13న. అంటే 35 రోజులు. షెడ్యూల్ చూసి నోటీసిచ్చినవాడు ఆ ఎన్నిక మర్చిపోవాల్సిందే.

ముషీరాబాద్ వైపు ఒక హెడ్ కానిస్టేబుల్ ఉండేవాడు, పదహారేళ్ల సర్వీసు. ఎవరో లీడర్ టికెట్ ఖాయమన్నాడు, ఇతను రాజీనామా రాసిచ్చాడు. టికెట్ ఇంకొకరికి పోయింది. ఆమోదం అయిపోయాక వెనక్కి తీసుకునే దారి లేదు, పెన్షనూ లేదు. అతని తండ్రీ మా నాన్నా ఒకప్పుడు డీబీఆర్ మిల్లులో ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లు. నేను సెలెక్ట్ అయిన రోజు మా నాన్న అడిగింది భుజం మీది స్టార్ల గురించి కాదు, "పింఛన్ ఉంటదా బిడ్డా?" అని. మిల్లు మూతపడ్డాక ఆ ప్రశ్న ఎందుకడిగాడో మా బస్తీలో అందరికీ అర్థమైంది. కార్మికుల ఇళ్లలోంచి వచ్చినవాళ్లకి ఆస్తి అంటే ఆ పెన్షనే, దాన్ని ఒక ఫోన్ కాల్ నమ్మి వదులుకోకండి. టెన్షన్‌తో ఫోన్ చేసేవాళ్లని నేనేమీ అనను, "మనోడు చెప్పిండు" అని తప్పుడు సలహాలు పంచేవాళ్ల మీదే నా కోపం.

మిగతావి గబగబా.

రిటైరయ్యాక రెండేళ్లు ఆగాలంటారు. అలాంటి చట్టం లేదు. ఎన్నికల సంఘం ఒకప్పుడు కేంద్రానికి సిఫార్సు చేసింది, అంతే. 2022లో సుప్రీంకోర్టు కూడా అది చట్టసభ తేల్చాల్సిన విషయమని వదిలేసింది.

సస్పెన్షన్‌లో ఉంటే ఉద్యోగిని కాను కదా అంటారు. సస్పెండైనా ఉద్యోగివే. అవినీతి కేసులో డిస్మిస్ అయితే ఐదేళ్లు అనర్హత, అది ఇంకో కథ.

ఎమ్మెల్యే అయితే పెన్షన్ ఆగిపోతుందట. ఆగదు.

ఖాకీకి ఓట్లు వాటంతటవే పడతాయట! విజయరామారావు గారు సీబీఐ డైరెక్టర్‌గా చేసి 1999లో ఖైరతాబాద్‌లో కాంగ్రెస్ లీడర్ పి. జనార్దన్ రెడ్డిని (పీజేఆర్) ఓడించారు, నిజమే. 2004లో అదే పీజేఆర్ చేతిలో ఓడారు. డీజీపీగా చేసిన దినేశ్ రెడ్డి 2014లో మల్కాజిగిరిలో, ప్రవీణ్ కుమార్ 2023లో సిర్పూర్‌లో గెలవలేదు. స్టేషన్‌లో మనకి దండం పెట్టేది భయంతోనో పని పడో. పోలింగ్ బూత్‌లో ఆ రెండూ ఉండవు.

చివరిగా, ఎవరూ అడగనిది. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో గత పదేళ్లలో ఉన్న ప్రభుత్వ క్వార్టర్ అద్దె, కరెంటు, నీళ్లు, ఫోన్ బకాయిలు లేవని చెప్పాలి, నో డ్యూస్ (బకాయిల్లేవనే) సర్టిఫికెట్ జతచేయాలి. అంబర్‌పేట, పేట్లబుర్జు క్వార్టర్స్‌లో ఉండి వచ్చినవాళ్లు ముందు ఆ కాయితం సంపాదించండి. దాంతోపాటు సర్వీస్ రిజిస్టర్ జిరాక్స్ కూడా. ఆ రెండూ చేతిలో లేకుండా నాకు ఫోన్ చేయకండి.