సంతకం పెడితే మెడకు చుట్టుకుంటుందా? క్యారెక్టర్ లెటర్లపై అపోహలు - వాస్తవాలు

అమెరికా ఇమిగ్రేషన్ ఫైళ్లు తయారుచేయడం నా పని. దరఖాస్తుదారు ఎలాంటి మనిషో అతన్ని ఎరిగినవాళ్లు రాసిచ్చేదే క్యారెక్టర్ లెటర్. క్లయింట్ల కంటే వాళ్లకు లెటర్ ఇస్తామని ఒప్పుకున్న స్నేహితులే ఎక్కువ టెన్షన్‌తో ఫోన్ చేస్తుంటారు.

అపోహ: లెటర్ ఇస్తే అతని ఖర్చులకూ తప్పులకూ నాదే పూచీ.

వాస్తవం: ఇక్కడ రెండు కాగితాలు కలగాపులగం అవుతున్నాయి. డబ్బు బాధ్యత ఉండేది ఐ-864 అనే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్‌కి, అంటే వలస వచ్చే మనిషిని పోషిస్తానని స్పాన్సర్ ఇచ్చే హామీపత్రానికి. ఆ మనిషి సిటిజన్ అయ్యేదాకానో, 40 క్వార్టర్ల (దాదాపు పదేళ్ల) పని లెక్కకు వచ్చేదాకానో అది వదలదు. విడాకులైనా పోదు! క్యారెక్టర్ లెటర్‌లో అలాంటి ఒప్పందమేమీ లేదు. రేపు అతనేం చేసినా మీ మీదికి రాదు. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం అది మీ నేరమే.

అపోహ: బాగా పొగడాలి, పాత కేసు ఊసెత్తకూడదు.

వాస్తవం: ఫైళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. వేలిముద్రలు ఇచ్చాక అరెస్టు సంగతి ఆఫీసర్‌కి తెలియకుండా ఉండదు. "చుక్క ముట్టని మనిషి" అని మీరు రాసి, ఫైల్లో డీయూఐ (తాగి బండి నడిపిన కేసు) కనిపిస్తే, మీకు అతని గురించి ఏమీ తెలియదనే అనుకుంటారు. "ఆ కేసు సంగతి అతనే నాకు చెప్పాడు. ఆ తర్వాత నేను చూసింది ఇదీ" అని మొదలయ్యే లెటర్‌కి విలువ ఎక్కువ. నాకు నచ్చిన ఒక లెటర్‌లో విశేషణం ఒక్కటి లేదు: "నా భార్య ఆస్పత్రిలో ఉన్న మూడు వారాలూ మా పిల్లల్ని రోజూ స్కూల్లో దింపాడు. పెట్రోల్ డబ్బులిస్తే తీసుకోలేదు." అంతే.

సిటిజన్‌షిప్‌కి మామూలుగా చివరి 5 ఏళ్లు, సిటిజన్ భర్త లేదా భార్య ద్వారా అయితే 3 ఏళ్ల ప్రవర్తన ముఖ్యం. చిన్ననాటి కబుర్లు తగ్గించి ఆ ఏళ్ల సంగతులు రాయండి. అయితే ఆ కాలంలో రెండు డీయూఐ శిక్షలుంటే, 2019 నాటి అటార్నీ జనరల్ నిర్ణయం ప్రకారం మంచి ప్రవర్తన లేదనే ముందు భావిస్తారు. "ఇప్పుడు మారాడు" అనే లెటర్లతోనే ఆ గండం గట్టెక్కదు.

అపోహ: సిటిజనే రాయాలి, నోటరీ ఉండాలి, ఇంగ్లీషులోనే ఉండాలి.

వాస్తవం: మూడూ కాదు. ఇద్దరు సిటిజన్ల సాక్ష్యం అనే పాత నియమం 1981లోనే పోయింది. నోటరీ బదులు "అబద్ధమైతే శిక్షార్హుణ్ణి" అనే ప్రకటన, తేదీ, సంతకం చాలు. అమెరికా బయట సంతకం చేసేవాళ్లు ఆ ప్రకటనలో "అమెరికా చట్టాల ప్రకారం" అనే మాట కూడా చేర్చాలి. ఇండియా నుంచి వచ్చే లెటర్లలో తరచూ ఇదే ఎగిరిపోతుంది. తెలుగులో రాస్తే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. మీకే సరైన ఇమిగ్రేషన్ స్టేటస్ లేకపోతే మాత్రం, అడ్రస్ రాసిచ్చేముందు లాయర్‌ని అడగండి.

అపోహ: కేసుల్లేనివాళ్లకు లెటర్లు అనవసరం.

వాస్తవం: మొన్నటిదాకా నేనూ అలాగే చెప్పేవాణ్ణి. సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారం ఎన్-400 ఇప్పటికీ లెటర్ తప్పనిసరి అనదు. కానీ 1991 నుంచి పక్కన పెట్టిన ఇరుగుపొరుగు విచారణను 2025 ఆగస్టులో ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ మళ్లీ బయటికి తీసింది. పొరుగువాళ్ల, యజమానుల, సహోద్యోగుల లెటర్లు అడగొచ్చు. అందుకే ఇప్పుడు ఒకటి రెండు సిద్ధంగా ఉంచుకోమంటున్నాను.

ఒకే నమూనా అందరికీ పంచకండి. ఓసారి ఐదుగురి లెటర్లలో ఒకే స్పెల్లింగ్ తప్పు కనిపించింది. ఐదూ వెనక్కి పంపేశాను. వాటిలో రెండే మళ్లీ వచ్చాయి, ఫైల్లో ఆ రెండే పెట్టాం.