నురగ రాని బకెట్టు

చిన్నికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు బెంగళూరు బస్సెక్కిన మర్నాడు మీ అమ్మమ్మ సబ్బుపొడి డబ్బా మూత తీసి కాసేపు అలాగే నిలబడిపోయింది. నెలకు సరిపోయే పొడి పది రోజుల్లో అడుగంటింది. ఎవరి పనో నాకు తెలుసులే. "తాతయ్యా, మా ఇంట్లో చెంచాడు వేస్తే బకెట్టు నిండా నురగ వస్తుంది, ఇక్కడ ఎంత వేసినా రాదేం?" అని చిన్ని అడిగింది. నేను పేపర్లోంచి తల ఎత్తకుండానే "బోరు నీళ్ళమ్మా" అన్నాను. అది జవాబు కాదు, తప్పించుకోవడం. ఇప్పుడు చెబుతాను.

నూనె, నీళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోని వియ్యంకులు. చొక్కా మీద పడ్డ తాలింపు మరకా, మెడపట్టీకి పట్టిన జిడ్డూ నూనె తరఫువాళ్ళు. సబ్బేమో పెళ్ళిళ్ళ పేరయ్య. ఒక చేత్తో జిడ్డును, రెండో చేత్తో నీళ్ళను పట్టుకుని, నచ్చజెప్పి గుడ్డలోంచి బయటికి తీసుకుపోతాడు. మన బోరు నీళ్ళలో రాళ్ళ పొరల్లోంచి కరిగొచ్చిన కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. వాళ్ళు అరుగు మీద చేరిన చుట్టాలు. పేరయ్య గడప తొక్కకముందే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేస్తారు. బట్టల సబ్బు అరగదీసినప్పుడు బకెట్టు అంచున తెల్లగా తెట్టు కడుతుందే, అది అలా కూర్చుండిపోయిన పేరయ్యలే! మీ ఇంటికొచ్చే కావేరి నీళ్ళలో ఆ చుట్టాలు తక్కువ.

అలాగని పదిమంది పేరయ్యల్ని పిలిస్తే పని తొందరగా అవుతుందా? సంబంధం కుదిరాక వాళ్ళందరినీ సాగనంపాలి కదా. మొన్న బుజ్జిగాడి నిక్కరు నాలుగు బకెట్లలో జాడించినా జారుతూనే ఉంది. నురగ అంటే సబ్బు పొరలో చిక్కిన గాలి, అంతే. ముందు తలుపుండే మిషన్లకు అమ్మే పొడిని కావాలనే నురగ తక్కువొచ్చేలా చేస్తారు. పేరయ్యకు ఒక తోక కూడా ఉంది కానీ, అది చెబితే నా కథ చెడుతుంది. మీ సైన్సు టీచర్ని అడగండి.

మా చిన్నప్పుడు చాకిరేవులో సబ్బే ఉండేది కాదు. చౌడుమట్టి కలిపిన నీళ్ళలో బట్టలు తడిపి, పెద్ద బాన మీద ఉబ్బ పెట్టేవాళ్ళు. రాత్రంతా ఆవిరి పట్టేది. తెల్లారి చెరువుగట్టున బండ మీద దబ్ దబ్‌మని చప్పుడు మా ఇంటిదాకా వినిపించేది. చౌడు తెల్లగా మెరుస్తుంటే ఉప్పనుకుని నాకాను ఒకసారి. నాలుక మండి రెండు రోజులు మజ్జిగన్నమే తిన్నాను. అందులో ఉండేది బట్టల సోడా. అది అరుగు మీది చుట్టాల్ని పక్కకు లాక్కుపోతుంది. (పేరయ్య మళ్ళీ వచ్చేశాడు, చూశారా!) ఊరి దుప్పట్లన్నీ మోసిన ఆ రేవువాళ్ళకి మేం ఏడాదికోసారి గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళం. ఎంత తక్కువ ఇచ్చామో ఇప్పుడు సిగ్గేస్తుంది.

మీరిద్దరూ ఒక పని చేయాలి. మెడపట్టీలు ముందు చేత్తో రుద్ది, బట్టలు అరగంట నానబెట్టండి. మిషన్ నిండాకే తిప్పమని అమ్మకు చెప్పండి, ఒక్క యూనిఫాం కోసం కాదు. వేడి నీళ్ళ బటన్ జోలికి పోవద్దు, అది నొక్కితే మిషన్ తినే కరెంటులో ఎక్కువ భాగం నీళ్ళు కాచడానికే పోతుంది. ఆఖరిసారి జాడించిన నీళ్ళు పారబోయకుండా బాత్రూం కడగండి. ఆరేయడానికి ఎండ ఉందిగా! మీ ఊరి బెళ్లందూరు చెరువు నురగ గాలికి లేచి రోడ్డు మీద పడింది, నాన్నని అడిగితే చెబుతాడు. శుద్ధి చేయని మురుగుతో పాటు ఇళ్ళలోని సబ్బునీళ్ళూ అందులోకి చేరినందుకే అది.

ఇక్కడ నిన్న తొలకరి పడింది. అక్కడా పడితే డాబా మీద గిన్నె పెట్టి వాన నీళ్ళు పట్టండి. ఒక సీసాలో అవి, ఇంకో సీసాలో ఎవరింట్లోవైనా బోరు నీళ్ళు. రెంటిలోనూ గోరంత బట్టల సబ్బు గీకి వేసి, మూత పెట్టి ఇరవైసార్లు ఊపండి. వెలుతురుకెదురుగా పెట్టి చూడండి. పేరయ్యలు ఎక్కడ కూర్చున్నారో కనిపిస్తారు. నేనిక్కడ మన పాత బావి నీళ్ళతో చేస్తాను. ఆదివారం ఫోన్ చేయండి.

మీ తాతయ్య